రాత్రి కయోటీల కోసం లైటు: ఎర్రదా, ఆకుపచ్చదా? (టెక్సాస్‌లో మేకలు పెంచేవాళ్లు చెప్పండి)

షెర్మన్‌మేకలు రాశారు:

అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరంగా షెర్మన్ దాటాక మాకు 22 ఎకరాలు ఉంది. మూడేళ్లుగా మేకలు పెంచుతున్నాం, ఇప్పుడు అరవై దాకా ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి పిల్లలు మాయమవుతున్నాయి. మొదట రెండు పోతే కంచె సందులోంచి దూరి ఎటో పోయాయనుకున్నాం. మొన్న పొద్దున వెళ్లి చూస్తే చెరువు గట్టు మీద ఒక పిల్ల పడి ఉంది. గొంతు కొరికి, పొట్ట చీల్చి ఉంది. పక్క రాంచ్ పెద్దాయన చూసి కయోటీ (తోడేలు, నక్కల కుటుంబపు అడవి జంతువు) పనే అన్నాడు.

ఆయన మాట మీద ఒక ఎలక్ట్రానిక్ కాలర్ (జంతువుల అరుపులు వినిపించి కయోటీని రప్పించే పెట్టె), ఒక చవక ఆకుపచ్చ లైటు కొన్నాను. శనివారం రాత్రి కుందేలు అరుపు పెట్టి కూర్చున్నా. పది నిమిషాల్లో కంచె అవతల రెండు జతల కళ్లు మెరిశాయి. లైటు సరిగ్గా వాటి మీదకి తిప్పేసరికి మాయం. తర్వాత గంట కూర్చున్నా ఏమీ రాలేదు.

ఇద్దరు ఎర్ర లైటు కొనమన్నారు, ఒకరు ఆకుపచ్చే మంచిదన్నారు. ఇంకొకరు తెల్ల లైటైనా ఏమీ కాదంటున్నారు. ఇంకో విషయం, మా బామ్మర్ది కూడా వస్తానంటున్నాడు. తను హెచ్1బి మీద ఉన్నాడు. నాకు గ్రీన్ కార్డు ఉంది. తను తుపాకీ పట్టుకోవచ్చా?

పాతటార్చి రాశారు:

తమ్ముడూ, లైటు రంగు కంటే ముందు నీ చెయ్యి మార్చుకో. "సరిగ్గా వాటి మీదకి తిప్పేసరికి" అన్నావు చూడు, తప్పు అక్కడే జరిగింది.

లైటు నడిమి వెలుగు ఎప్పుడూ జంతువు మీద పడకూడదు. లైటుని కాస్త పైకి ఎత్తి పట్టుకో. నడి వెలుగు చెట్ల తలల మీదుగా పోతుంటే, దాని చుట్టూ ఉండే పలచని వెలుగు అంచు మాత్రం నేల మీద పాకాలి. ఆ అంచు చాలు కళ్లు మెరవడానికి. మూడొందల గజాల అవతల కూడా కనిపిస్తాయి. కళ్లు కనపడ్డాక కూడా లైటు దించకు, ఆర్పకు. ఆ అంచులోనే ఉంచి రానీ. దగ్గరకొచ్చాక మెల్లగా దించు. ఒక్కసారి ఆర్పి మళ్లీ వెలిగించావంటే ఆ రాత్రికి ఇక ఇంటికి పోవచ్చు.

వెలుగు తగ్గించే పెంచే మీట ఉన్న లైటు కొను. మొదట సన్నగా పెట్టుకుని వెతకాలి. జంతువు దగ్గరయ్యాక అవసరమైతే పెంచుకోవాలి. పన్నెండేళ్లలో నేను తెల్ల లైటుతోనూ కొట్టాను, ఎర్రదానితోనూ పోగొట్టుకున్నాను.

రెండు లైట్లు ఉండాలి. ఒకటి తలకో చేతికో, వెతకడానికి. రెండోది తుపాకీ మీద, కాల్చేటప్పటికి. తుపాకీ మీది లైటుతో వెతికేవాళ్లతో నేను వేటకి వెళ్లను. ఎందుకంటే వాళ్లు లైటు తిప్పిన చోటల్లా తుపాకీ గొట్టం కూడా తిరుగుతుంది. పక్కవాడి ఇల్లు, పక్కవాడి ఆవు, నీ బామ్మర్ది, ఎవరి మీదకైనా.

లబ్బక్‌రాజా రాశారు:

అన్న చెప్పింది కరెక్టే గానీ నేను మాత్రం ఎర్రదే అంటాను. ఎర్ర వెలుగు కయోటీకి అసలు కనపడదు. అందుకే అందరూ అదే వాడతారు.

కళ్లడాక్టరు రాశారు:

"అసలు కనపడదు" అనేది నిజం కాదు, తక్కువగా కనపడుతుంది. మన కంటిలో రంగులు పట్టే కణాలు మూడు రకాలు. కుక్కలో రెండే. కొలిచి చూస్తే కుక్కలో ఒక రకం 429 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడవు) దగ్గర, అంటే నీలం వైపు, ఇంకోటి 555 దగ్గర, అంటే పసుపు పచ్చ వైపు ఎక్కువగా స్పందిస్తాయి. కయోటీ కూడా ఆ కుటుంబమే. మామూలు ఎర్ర ఎల్‌ఈడీ వెలుగు 620, 630 ప్రాంతంలో ఉంటుంది. అది వాటికి మసక వెలుగులా కనిపిస్తుంది. బాగా ప్రకాశంగా, సూటిగా కళ్లలోకి కొడితే మసకది కూడా కనపడుతుంది కదా.

ఆకుపచ్చది 520, 530 ప్రాంతంలో ఉంటుంది. మన కంటికి అది చాలా ప్రకాశంగా కనిపిస్తుంది. అందుకే ఆకుపచ్చ లైటుతో దూరం బాగా కనిపిస్తుందని అందరూ మెచ్చుకుంటారు. కానీ అదే వెలుగు కయోటీకి కూడా బాగా కనిపిస్తుంది. ఇది మరిచిపోతారు.

ఎర్రదాని అసలు లాభం మీ కళ్లకి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్ల వెలుగు ఒక్కసారి పడితే ఆ ముప్పై నిమిషాలూ బూడిదలో పోసిన పన్నీరే. ఎర్రదానికి అంత నష్టం ఉండదు. షెర్మన్ గారూ, ఒక ప్రశ్న. శనివారం రాత్రి మధ్యమధ్యలో ఫోన్ చూశారా?

షెర్మన్‌మేకలు రాశారు:

చూశాను సార్. కాలర్‌ని ఫోన్ యాప్‌తోనే నడిపాను.

కళ్లడాక్టరు రాశారు:

:) రిమోట్ వాడండి. లేదా స్క్రీన్ వెలుగు అడుక్కి దించి, ఎర్ర రంగు మోడ్ పెట్టుకోండి.

పాతటార్చి రాశారు:

డాక్టరు గారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. కళ్ల మెరుపు రంగుని బట్టి జంతువేదో చెప్పొచ్చా? మావాళ్లు ఆకుపచ్చైతే ఇది, పసుపైతే అది అని లెక్కలు చెబుతుంటారు.

కళ్లడాక్టరు రాశారు:

దాని మీద ఆధారపడకండి. రెటీనా వెనక ఒక పొర ఉంటుంది, దాన్ని టాపెటమ్ లూసిడమ్ అంటారు. లోపలికి వచ్చిన వెలుగుని అది మళ్లీ బయటికి పంపుతుంది. మీరు చూసే మెరుపు అదే. ఆ రంగు మీ లైటు రంగుని బట్టి, జంతువు తల తిప్పిన కోణాన్ని బట్టి, దాని వయసుని బట్టి మారుతుంది. కుక్క, పిల్లి, ఆవు, మేక, జింక అన్నిటికీ ఆ పొర ఉంది. పందికి లేదు. అందుకే అడవి పందుల గుంపు మొత్తం ఎదురుగా ఉన్నా కళ్లు అంతగా మెరవవు. టెక్సాస్‌లో రాత్రి వేటకి వెళ్లేవాళ్లకి ఇది అనుభవమే.

కళ్లని బట్టి ఏదో జంతువు ఉందని తెలుస్తుంది. ఏ జంతువో చెప్పడానికి ఒళ్లు కనపడాలి.

వేకోవాసి రాశారు:

డాక్టరు గారు చివర్లో చెప్పిన మాట మీద నా సొంత గోడు ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట నవంబర్‌లో జరిగింది. ఎర్ర లైటు, మంచి కాలర్, కయోటీ పిల్ల ఏడుపు పెట్టాను. ఆరు నిమిషాల్లో కళ్లు వచ్చాయి. తలెత్తి నడుస్తోంది, ఆగుతోంది, మళ్లీ నడుస్తోంది. తుపాకీ లైటు వేశాను. ఒంటి రంగు ఏమీ తెలియట్లేదు, ఎర్ర వెలుగులో అన్నీ ఒకే రంగు. వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్లింది. అప్పుడు అది పక్కకి తిరిగింది. గుబురు తోక పైకి లేచి, ముడి తిరిగి ఉంది.

అది పక్కవాళ్ల గ్రేట్ పైరనీస్ కుక్క. వాళ్ల మేకల్ని కాయడానికి పెంచుకున్నది. పిల్ల ఏడుపు విని కాపాడటానికి వచ్చింది పాపం. కయోటీ పరుగెత్తేటప్పుడు తోక కిందకి దించి ఉంటుందని అప్పటికి చాలాసార్లు చదివాను, ఆ క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు. తుపాకీ దించి అక్కడే కూర్చుండిపోయాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అప్పట్నుంచి వెతకడానికి ఎర్ర లైటు, చివర్లో గుర్తుపట్టడానికి తెల్ల లైటు. అది పారిపోతే పారిపోనీ. పక్కవాళ్లందరినీ అడిగి ఎవరికి ఏ కుక్కలున్నాయో, రాత్రి వదులుతారో కట్టేస్తారో రాసిపెట్టుకున్నాను కూడా.

లబ్బక్‌రాజా రాశారు:

అమ్మో. సరే, ఎర్రదాని మీద నా మాట కాస్త వెనక్కి తీసుకుంటున్నా.

వేడిచూపు రాశారు:

ఇంత గొడవెందుకండీ, థర్మల్ కొనుక్కోండి. లైటే అక్కర్లేదు. ఒంటి వేడి మీదే కనిపిస్తుంది, ఆకారం కూడా తెలుస్తుంది. ఇప్పుడు ధరలు తగ్గాయి.

పాతటార్చి రాశారు:

ఎంత తగ్గినా మేకపిల్లల ఖరీదు కంటే ఎక్కువే. ఇంకోటి, థర్మల్‌లో కుక్కకీ కయోటీకీ తేడా చెప్పడం దూరంలో చాలా కష్టం. వేకో తమ్ముడికి జరిగింది థర్మల్‌తోనూ జరగొచ్చు. చేతిలో పట్టుకుని వెతకడానికి థర్మల్, కాల్చే ముందు చూడ్డానికి లైటు, ఇలా రెండూ కలిపి వాడేవాళ్లున్నారు. డబ్బుంటే అది బాగుంటుంది.

ఇన్‌ఫ్రారెడ్ లైటున్న డిజిటల్ నైట్ విజన్ (చీకట్లో చూపించే కెమెరా) కూడా ఉంది. అందులో 850 నానోమీటర్లది ఎదురుగా చూస్తే చిన్న ఎర్ర నిప్పుకణికలా కనపడుతుంది. 940ది కనపడదు గానీ దూరం తక్కువ.

వేడిచూపు రాశారు:

ఒప్పుకుంటా. ఒక హెచ్చరిక మాత్రం రాసి వెళ్తా. సెలవులకి ఇండియా వెళ్లేటప్పుడు నైట్ విజన్ సూట్‌కేసులో వేసుకుని పోదామని ఎవరైనా అనుకుంటే ఆపేయండి. అమెరికా ఎగుమతి చట్టాల కింద వాటి మీద అదుపు ఉంది. లైసెన్సు లేకుండా దేశం దాటిస్తే నేరం. మా కొలీగ్ ఒకరు ఊళ్లో పొలం కాపలాకి తీసుకెళ్తానన్నాడు, చివరి నిమిషంలో ఆపాం.

ధర్మవరం_మంద రాశారు:

నేను అమెరికాలో లేను, అనంతపురం వైపు. మా ఇంట్లో ఇప్పటికీ గొర్రెలు ఉన్నాయి కాబట్టి చదువుతూ వచ్చాను. మీరు లైటేసి పిలిచి మరీ చంపడం చూస్తే నాకు వింతగా ఉంది. తిట్టడం కాదు, మా దగ్గర పని తలకిందులుగా ఉంటుంది. మేము లైటేసి పంపించేస్తాం.

కోతలయ్యాక రైతు పొలంలో ఎరువు కోసం మంద తోలుతాం. రాత్రంతా అక్కడే పడుకోవాలి. తోడేలు వస్తుంది. మా నాయన రోజుల్లో నెగడు, లాంతరు. ఇప్పుడు చార్జింగ్ టార్చి. తోడేలు మీద లైటు పడితే నాలుగడుగులు వెనక్కి వేస్తుంది, పోదు. చీకట్లో మంద చుట్టూ తిరుగుతుంది. మనిషి లేచి కేకేసి, కుక్క మొరిగి, లైటు కదిలితేనే పోతుంది. ఒకేచోట పెట్టిన లైటుకి రెండు రాత్రుల్లో అలవాటు పడిపోతుంది. చంపే మాటే లేదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. తోడేలైనా నక్కైనా ముట్టుకుంటే జైలే.

షెర్మన్‌మేకలు రాశారు:

అన్నా, మీ మాటలో తప్పేమీ లేదు. మా ఆవిడ కూడా అదే అడుగుతోంది, చంపకుండా ఆపలేమా అని. మెరిసే లైట్లు కొనొచ్చు అంటున్నారు, పని చేస్తాయా?

నైరోబీ_రిటర్న్ రాశారు:

నేను ఆరేళ్లు కెన్యాలో పనిచేసి వచ్చాను. నైరోబీ నేషనల్ పార్క్ పక్కన రిచర్డ్ టురేరె అనే మసాయి తెగ పిల్లాడు పాత బైకు ఇండికేటర్ ముక్క, సోలార్, బల్బులు కలిపి మంద చుట్టూ మెరిసే లైట్లు పెట్టాడు. మనిషి టార్చి పట్టుకుని తిరుగుతున్నట్టు సింహాలకి అనిపించాలని ఆలోచన. సింహాలు రావడం ఆగింది. 2013లో టెడ్ ప్రసంగాల వేదిక మీద తనే చెప్పాడు, అప్పటికి వాడికి పన్నెండో పదమూడో ఏళ్లు.

కానీ ప్రతి జంతువూ ఒకేలా భయపడదు. చిలీ కొండల్లో ఇలాంటి మెరిసే లైట్లు పెట్టి చూస్తే ప్యూమాలు (పెద్ద పిల్లిజాతి) లామాల (పెంపుడు ఒంటెజాతి) జోలికి రాలేదు. నక్కలు మాత్రం ఖాతరు చేయలేదు. కయోటీ ఏ వైపు పడుతుందో మీరే ఆలోచించండి. అది ముదురు జంతువు. పెట్టేట్టయితే వారానికోసారి చోటు మార్చండి.

వేకోవాసి రాశారు:

పిల్లలు పుట్టే నెలల్లో రాత్రిపూట మేకల్ని ఇంటి దగ్గర దొడ్లో పెట్టండి. కాపలా కుక్క ఒకటి తెచ్చుకోండి, లేదంటే గాడిద. గాడిదకి కుక్కజాతి అంటేనే పడదు, తరిమి తంతుంది. నేను కుక్క పెట్టాక వేట నెలకొకటి రెండు రాత్రులకి తగ్గింది.

మెల్‌బోర్న్‌మామయ్య రాశారు:

ఇక్కడ ఆస్ట్రేలియాలో మా తలనొప్పి ఎర్రనక్క. గొర్రెపిల్లల సీజన్‌లో రైతులు పిలిచి మరీ తీసుకెళ్తారు. దీన్ని ఇక్కడ స్పాట్‌లైటింగ్ అంటారు. బండి వెనక ఒకడు లైటు, ఒకడు తుపాకీ. పిలవడానికి రేకు మడిచి నడిమికి చిల్లు పెట్టిన చిన్న ఈల. పళ్ల మధ్య పెట్టి లోపలికి పీలిస్తే కుందేలు అరుపే. బ్యాటరీ గొడవ లేదు.

పాతటార్చి గారి మాటకి నాది ఇంకో మాట. గురి తప్పిన ప్రతి నక్కా ఒక పాఠం నేర్చుకుని పోతుంది. తర్వాత లైటు కనపడగానే వీపు తిప్పేస్తుంది, కళ్లు కూడా చూపించదు. అలాంటిదాన్ని మళ్లీ లైటు కిందికి తేవాలంటే నక్క తోక తొక్కి రావాల్సిందే. అందుకే ఎర్ర ఫిల్టరా, పచ్చ ఫిల్టరా అని వాదించుకోవడం కంటే, అందనిదాని మీద కాల్చకపోవడం మేలు. మీ 22 ఎకరాల్లో శనివారం వచ్చినవి రెండూ ఇప్పుడు ఆకుపచ్చ వెలుగు అంటే ఏమిటో తెలిసినవే.

ర్యాలీవాసి రాశారు:

నార్త్ కరోలినా నుంచి. ఇది చదివే ఇతర రాష్ట్రాలవాళ్లకి: టెక్సాస్ రూల్ మీ రూల్ కాదు. మా రాష్ట్రం తూర్పున ఐదు కౌంటీల్లో ఎర్ర తోడేళ్లు ఉన్నాయి. అడవిలో అవి మిగిలిన చోటు అదొక్కటే. రాత్రి లైటు వెలుగులో ఎర్ర తోడేలుకీ కయోటీకీ తేడా తెలియక చంపేస్తున్నారని కోర్టుకి వెళ్లారు. 2014లో ఆ ఐదు కౌంటీల్లో కయోటీ వేటని కోర్టు ఆపేసింది, రాత్రి వేటతో సహా. వేకో గారి కుక్క కథ లాంటిదే, కాకపోతే ఇక్కడ పోయేది అంతరించిపోతున్న జాతి.

గ్రీన్‌కార్డు_క్యూ రాశారు:

హెచ్1బి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెబుతా. నేనూ అదే బాపతు.

ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. సొంతదా వేరేవాళ్లదా అన్నది లెక్కలోకి రాదు. మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటుంది. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు ముగియని వేట లైసెన్సు ఉంటే చెల్లుతుంది. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ అడ్డంకి లేదు.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. టెక్సాస్ వేట లైసెన్సు ఏడాదిలో ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. మీ బామ్మర్ది మే నెలలో కొని, సెప్టెంబర్ 1న తుపాకీ ముట్టుకుంటే, కొత్త లైసెన్సు లేనట్టయితే అది ఫెడరల్ నేరం. వేటలో చిన్న జరిమానా వ్యవహారం కాదిది, వీసా, ఆ తర్వాత గ్రీన్ కార్డు అన్నీ పోవచ్చు. ఇంకోటి, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. కోర్సు చేయించండి, లైసెన్సు కొనిపించండి, కాగితం జేబులో ఉంచమనండి. అయినా టెన్షన్‌గా ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టండి. నేను కట్టాను.

పాతటార్చి రాశారు:

మీరు మీ సొంత స్థలంలో, పశువుల మీద పడ్డ లేదా పడబోతున్న కయోటీని కొట్టడానికి మీకు లైసెన్సు అక్కర్లేదని టెక్సాస్ చట్టం. అది చూసి బామ్మర్దికి కూడా అక్కర్లేదని అనుకోకండి. రాష్ట్రం లైసెన్సు అక్కర్లేదన్నా ఆ ఫెడరల్ మినహాయింపుకి కాగితం కావాల్సిందే. రెండూ వేరు వేరు.

ఇంకో లెక్క చెబుతా. 22 ఎకరాలు చదరంగా ఉందనుకున్నా ఒక పక్క 330 గజాలు కూడా రాదు. రైఫిల్ తూటా మైళ్లు పోతుంది. మీ తూటా అనుమతి లేకుండా పక్కవాడి హద్దు దాటితే అదీ నేరమే. కాబట్టి పగలు వెళ్లి ఎక్కడ కూర్చుంటే తూటా గట్టులోకో వాలులోకో దిగుతుందో చూసుకోండి. ఆ దిక్కుకే కాలర్ పెట్టండి. రాత్రి చీకట్లో వెనక ఏముందో కనపడదు, లైటు కూడా చెప్పదు. జింకల మీదకి మాత్రం లైటుతో వేట మాటే ఎత్తకండి, పొరపాటున కూడా. వెళ్లే రాత్రి వేట చట్టాలు చూసే గేమ్ వార్డెన్‌కి ఒక ఫోన్ కొట్టండి. తప్పనిసరి కాదు, కానీ ఎవరో లైట్లేసుకుని తిరుగుతున్నారని పక్కవాళ్లు ఫోన్ చేసినప్పుడు ఆయనకి ముందే తెలిసి ఉంటుంది.

మోడరేటర్ రాశారు:

తుపాకీ అమ్మకం లింకులు రెండు తీసేశాను. లైట్ల గురించి మాట్లాడుకోండి, పర్లేదు.

షెర్మన్‌మేకలు రాశారు:

మూడు వారాల తర్వాత వస్తున్నా. అందరికీ థ్యాంక్స్.

మేకల్ని రాత్రి దొడ్లోకి తోలుతున్నాం. ఆ తర్వాత పిల్లలేవీ పోలేదు. కుక్కపిల్ల ఒకటి బుక్ చేశాం, జూన్‌లో వస్తుంది. బామ్మర్ది కోర్సు చేస్తున్నాడు, ప్రస్తుతానికి ఇంట్లోనే.

నిన్న రాత్రి పక్క పెద్దాయనతో మళ్లీ కూర్చున్నా. వెలుగు తగ్గించే మీటున్న ఎర్ర లైటు తలకి, తెల్లది తుపాకీకి. గాలి దక్షిణం నుంచి. కాలర్ నలభై గజాల దూరంలో పెట్టాం. కుందేలు అరుపు వద్దని పెద్దాయన ఎలుక కిచకిచ పెట్టించాడు, అవి కుందేలుని విని ఉన్నాయి కదా అని. వెలుగు అంచుతో మెల్లగా తిప్పుతున్నా. పద్నాలుగో నిమిషంలో కళ్లు, కాలర్ వైపు నుంచి కాదు, గాలి వాలున చుట్టూ తిరిగి ఉత్తరం నుంచి వచ్చాయి. లైటు దించలేదు. వస్తూనే ఉన్నాయి. వంద గజాలు, ఎనభై. తుపాకీ ఎత్తి తెల్ల లైటు వేశా. అంతే, నాకు ఎదురుగా మొత్తం తెల్లగా అయిపోయింది, స్కోపులో ఏమీ లేదు.

ముందున్న ఎండు గడ్డి. నేల మీద పడుకుని ఉన్నా కదా, లైటు గడ్డికి తగిలి తిరిగి నా కళ్లలోనే పడింది. అది చక్కగా నడుచుకుంటూ పోయింది. పెద్దాయన నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు.

పాతటార్చి రాశారు:

హహ. అందరం కట్టిన ఫీజే అది. కుర్చీ వేసుకో, తుపాకీకి ట్రైపాడ్ పెట్టు, గడ్డి తలల కంటే లైటు పైన ఉండాలి. తుపాకీ గొట్టం చివర మెరుస్తుంటే దానికీ నల్ల టేపు చుట్టు.

మెల్‌బోర్న్‌మామయ్య రాశారు:

ఎనభై గజాల దాకా వచ్చిందంటే లైటు పట్టడం నేర్చుకున్నావన్నమాట. రెండు వారాలు ఆ చోటు వదిలెయ్.

షెర్మన్‌మేకలు రాశారు:

సరే మామయ్యా. ఒక చిన్న డౌటు. చలి రాత్రుల్లో నా లైటు గంటన్నరకే మసకబారుతోంది. 18650 బ్యాటరీ (చార్జ్ చేసుకునే లిథియం సెల్) ఒక్కటే ఉంది అందులో. చలికా, బ్యాటరీయే నాసిదా?

వేకోవాసి రాశారు:

రెండూ అయ్యుండొచ్చు. ఇంట్లో వెచ్చగా ఉన్నప్పుడు నిండా చార్జ్ చేసి గంటన్నర పెట్టి చూడండి. అప్పుడూ మసకబారితే బ్యాటరీదే తప్పు. ఇంకోటి కొని చొక్కా లోపలి జేబులో, ఒంటికి తగిలేలా పెట్టుకోండి.